నివేదికను ఆపే హక్కు ఎవరిది?

ఆర్థికశాస్త్ర పరిశోధన పత్రం ఏది చేతికొచ్చినా నేను సారాంశం జోలికి వెళ్లకుండా ముందుగా మొదటి పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉండే పాదసూచిక చదువుతాను. సెమినార్లలో సలహాలిచ్చిన సహోద్యోగులకు కృతజ్ఞతలు, నిధులిచ్చిన సంస్థ పేరు, మిగిలిన తప్పులన్నీ మావేనన్న లాంఛనప్రాయమైన వినయం అక్కడ ఉంటాయి. పత్రం ఏ పరిశ్రమ గురించి మాట్లాడుతోందో ఆ పరిశ్రమ నుంచే రచయితకు ఫీజు ముట్టి ఉంటే, ఆ సంగతి కూడా ఉంటే గింటే అక్కడే ఉంటుంది. ఆ నాలుగు వాక్యాలను జాగ్రత్తగా చదివిన తర్వాత లోపలి పేజీలు వేరేగా కనిపిస్తాయి. అందులోని సమీకరణాలు తప్పని కాదు, ఏ ప్రశ్నలు అడిగారో, ఏవి అడగకుండా వదిలేశారో గమనించాలన్న స్పృహ కలుగుతుంది.

మనిషి తనకు దేనివల్ల లాభమో దాన్ని బట్టి నడుచుకుంటాడన్నది ఈ శాస్త్రానికి పునాది. రైతు, కార్మికుడు, మంత్రి, బ్యాంకు మేనేజరు, నేరస్థుడు, ఓటరు, వీరెవరికీ ఆర్థికవేత్తలు ఈ సూత్రం నుంచి మినహాయింపు ఇవ్వలేదు. షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన జార్జ్ స్టిగ్లర్ 1971లో ప్రచురించిన ప్రసిద్ధ వ్యాసంలో, నియంత్రణ అనేది సాధారణంగా పరిశ్రమ తనకోసం తాను సంపాదించుకునేదేనని, ప్రధానంగా దాని ప్రయోజనం కోసమే నడుస్తుందని వాదించారు. 1982లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. నియంత్రణాధికారులు పరిశ్రమ గుప్పిట్లోకి వెళ్లిపోతారని అంత ధీమాగా చెప్పిన వృత్తి, అదే కొలబద్దను తన మీద పెట్టి చూసుకోవడానికి నాలుగు దశాబ్దాలు పట్టింది. ఆ పని చేసిన వారిలో ముఖ్యులైన లుయీజీ జింగాలెస్ కూడా షికాగోలోనే పనిచేస్తారు. నియంత్రణాధికారి సమాచారం కోసం పరిశ్రమ మీద ఆధారపడతాడు, పదవి దిగాక ఉద్యోగం కోసం దాని వైపే చూస్తాడు, దాని మెప్పు కోరుకుంటాడు. ప్రొఫెసర్‌కు కూడా డేటా కావాలి, కన్సల్టెన్సీ కావాలి, కంపెనీ బోర్డులో కుర్చీ వస్తే కాదనడు. అలాంటప్పుడు ఒకరు లొంగుతారని, మరొకరు లొంగరని ఎలా అనుకోగలమన్నది జింగాలెస్ ప్రశ్న.

ఈ చర్చలో అందరూ తలచుకునే ఉదంతం ఐస్‌లాండ్‌ది. అది బాగా నలిగిన కథే అయినా వివరంగా చెప్పుకోవలసినదే. 2006 తొలి నెలల్లో ఆ చిన్న దేశపు బ్యాంకులు విదేశీ అప్పులతో అతివేగంగా పెరుగుతున్నాయన్న అనుమానాలు మొదలయ్యాయి. ఆ మార్చిలో డెన్మార్క్‌కు చెందిన డాన్‌స్కే బ్యాంక్ అక్కడ సంక్షోభం తప్పకపోవచ్చని హెచ్చరిస్తూ నివేదిక విడుదల చేసింది. అప్పుడు ఐస్‌లాండ్ ఛాంబర్ ఆఫ్ కామర్స్ కొలంబియా విశ్వవిద్యాలయంలో ద్రవ్య విధాన నిపుణుడిగా పేరున్న ఫ్రెడరిక్ మిష్కిన్‌ను, స్థానిక ఆర్థికవేత్త ట్రిగ్వి హెర్బర్ట్‌సన్‌ను ఆశ్రయించి, 'ఐస్‌లాండ్‌లో ఆర్థిక స్థిరత్వం' అన్న నివేదిక రాయించింది. దేశపు మూలాలు బలంగానే ఉన్నాయని, బ్యాంకుల మీద పర్యవేక్షణ నాణ్యంగానే ఉందని అది భరోసా ఇచ్చింది. ఇందుకు మిష్కిన్‌కు ముట్టిన పారితోషికం 1,24,000 డాలర్లు. అదే ఏడాది సెప్టెంబరులో ఆయన అమెరికా ఫెడరల్ రిజర్వ్ గవర్నర్లలో ఒకరయ్యారు. మరుసటి ఏడాది అదే ఛాంబర్ లండన్ బిజినెస్ స్కూల్‌కు చెందిన రిచర్డ్ పోర్టెస్‌తో ఇంకో నివేదిక రాయించింది. 2008 అక్టోబరు వచ్చేసరికి గ్లిట్నిర్, లాండ్స్‌బాంకి, కౌప్‌థింగ్ అనే మూడు పెద్ద బ్యాంకులూ రోజుల వ్యవధిలో కుప్పకూలాయి. అప్పటికి ఆ బ్యాంకుల ఆస్తుల పరిమాణం దేశ స్థూలోత్పత్తికి ఎన్నో రెట్లకు చేరింది. 2010లో చార్లెస్ ఫెర్గూసన్ తీసిన 'ఇన్‌సైడ్ జాబ్' అనే డాక్యుమెంటరీ ఈ వ్యవహారాన్ని లోకానికి చూపింది. మిష్కిన్ జీవిత వివరాల పత్రంలో ఆ నివేదిక పేరు 'ఐస్‌లాండ్‌లో ఆర్థిక అస్థిరత్వం' అని ఉండటాన్ని కూడా అందులో ఎత్తి చూపారు. అది అచ్చుతప్పని ఆయన సమాధానం.

నవ్వుకోవడానికి ఆ అచ్చుతప్పు బాగానే ఉంటుంది గాని, నా దృష్టిలో అసలు విషయం అది కాదు. మిష్కిన్ తాను నమ్మనిది రాశారని నేను అనుకోను. నివేదికను ప్రచురించిందే ఛాంబర్ కాబట్టి ఎవరు రాయించారన్నది కూడా దాచిన విషయం కాదు. ఎంత ఇచ్చారన్నదే పాఠకుడికి కనిపించలేదు. నన్ను వేధించే ప్రశ్న వేరు. తన సభ్యుల పరువు కాపాడుకోవడానికి ఒక వ్యాపార సంఘం రాయించిన నివేదికలో, ఈ బ్యాంకులు రెండేళ్లలో మునిగిపోతాయన్న నిర్ధారణ వచ్చి ఉంటే దాన్ని ఎవరైనా అచ్చు వేసి పంచిపెట్టేవారా? అనుకూలంగా వస్తేనే వెలుగు చూసే నివేదిక ఎంత నిజాయితీగా రాసినదైనా, మన చేతికి చేరేసరికి అప్పటికే ఒక జల్లెడలోంచి జారి వచ్చినదవుతుంది.

ఆ డాక్యుమెంటరీ వచ్చిన సంవత్సరమే మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం ఆమ్హెర్స్ట్‌లో జెరాల్డ్ ఎప్‌స్టైన్, జెస్సికా కారిక్-హాగెన్‌బార్త్ అనే పరిశోధకులు, ఆర్థిక రంగ సంస్కరణలపై సిఫార్సులు చేసిన రెండు నిపుణుల బృందాలకు చెందిన 19 మంది ఆచార్యుల నేపథ్యాన్ని తరచి చూశారు. వారిలో అత్యధికులకు ప్రైవేటు ఆర్థిక సంస్థలతో ఏదో ఒక లంకె ఉంది. విశ్వవిద్యాలయం పేరుతోనే పత్రికలకు రాస్తూ, మాట్లాడుతూ ఉన్నా ఆ లంకె గురించి చెప్పినవారు బహు తక్కువ. ఈ ఇద్దరి చొరవతో 2011 జనవరిలో జార్జ్ ఏకర్‌లాఫ్, క్రిస్టినా రోమర్ సహా దాదాపు మూడు వందల మంది ఆర్థికవేత్తలు, తమ వృత్తికీ ఒక నియమావళి ఉండాలని కోరుతూ అమెరికన్ ఎకనామిక్ అసోసియేషన్‌కు లేఖ రాశారు. 1885లో పుట్టిన ఆ సంఘం రాబర్ట్ సోలో అధ్యక్షతన ఒక కమిటీ వేసి, 2012 జనవరిలో వెల్లడి నియమాలు ప్రకటించింది. పూర్తి స్థాయి వృత్తి నియమావళి మాత్రం 2018లో గాని రాలేదు. అది చాలా చిన్నది. నిజాయితీ, జాగ్రత్త, పారదర్శకత, తన నైపుణ్యపు పరిమితులను ఒప్పుకోవడం, వాస్తవమైనవీ, ఇతరులకు అలా కనిపించేవీ అయిన విరుద్ధ ప్రయోజనాలను వెల్లడించడం వంటివి అందులో ఉన్నాయి. వైద్యులు, న్యాయవాదులు, ఇంజినీర్లు ఎప్పుడో రాసుకున్న మాటలివి.

2012 నియమాలు మాత్రం ఆచరణకు దగ్గరగా ఉన్నాయి. వ్యాసం ఫలితంతో ఆర్థికంగా గాని, భావజాలపరంగా గాని, రాజకీయంగా గాని సంబంధమున్న ఏ పక్షం నుంచైనా గత మూడేళ్లలో 10,000 డాలర్లు, అంతకు మించి అందుకున్న రచయిత ఆ సంగతి రాయాలి. జీతం లేని పదవులైనా సరే, సంబంధిత సంస్థల్లో డైరెక్టరుగానో సలహాదారుగానో ఉంటే చెప్పాలి. దగ్గరి బంధువుకో జీవిత భాగస్వామికో ఇలాంటి సంబంధం ఉంటే అదీ చెప్పాలి. ఆఖరున, ప్రచురణకు ముందు పత్రాన్ని సమీక్షించే హక్కు మరెవరికైనా ఉందా అన్నది తెలపాలి. జనం డాలర్ల గురించిన మొదటి నిబంధననే పట్టుకుంటారు. నేనైతే ఈ చివరి నిబంధనకే ఎక్కువ విలువ ఇస్తాను. అయితే ఇవన్నీ సంఘం సొంత పత్రికలకు మాత్రమే కట్టుబాట్లు. దినపత్రికల వ్యాసాలు, టీవీ చర్చలు, చట్టసభల కమిటీల ముందు వాంగ్మూలాల విషయంలో ఇదే పద్ధతి పాటించాలని సంఘం సభ్యులను కోరింది, అంతే. విధానాలు తయారయ్యేది మాత్రం ఎక్కువగా ఆ రెండో రకం వేదికల మీదే.

సమీక్ష హక్కు ఎందుకంత ముఖ్యమో పొగాకు కంపెనీల పాత కాగితాలు చూస్తే అర్థమవుతుంది. 1980లలో అమెరికాలో సిగరెట్ కంపెనీల సంఘమైన టొబాకో ఇన్‌స్టిట్యూట్ రాష్ట్రాల వారీగా విశ్వవిద్యాలయాల ఆర్థికవేత్తలతో ఒక జట్టును నిర్మించింది. సిగరెట్ల మీద పన్ను పెంచే ప్రతిపాదన వచ్చినప్పుడల్లా ఆ రాష్ట్రంలోని ప్రొఫెసర్ స్థానిక పత్రికలో, అలాంటి పన్ను పేదల మీదే భారం మోపుతుందని వ్యాసం రాసేవాడు. చిత్తుప్రతి ముందుగా ఇన్‌స్టిట్యూట్ మనుషుల చేతుల్లోంచి, లాయర్ల చేతుల్లోంచి వెళ్లి దిద్దుబాట్లతో తిరిగి వచ్చేది. పత్రిక చదివినవారికి వ్యాసం కింద కనిపించేది విశ్వవిద్యాలయం పేరు మాత్రమే. 1998లో పొగాకు కంపెనీలకూ 46 రాష్ట్రాలకూ మధ్య కుదిరిన ఒప్పందం తర్వాత అంతర్గత పత్రాలు బహిరంగంగా అందుబాటులోకి రావడం వల్ల మనకిది తెలిసింది గాని, లేకపోతే అవి స్వతంత్ర నిపుణుల అభిప్రాయాలుగానే గ్రంథాలయాల్లో మిగిలిపోయేవి. సిగరెట్ పన్ను పేదల ఆదాయంలో ఎక్కువ వాటా తీసుకుంటుందన్న వాదన తోసిపారేయదగ్గది కాదు, నిజాయితీగా చేయదగ్గ వాదనే. దాన్ని ఎవరి కలం దిద్దిందన్నది పాఠకుడికి చెప్పకపోవడమే మోసం.

ఇంతకంటే పచ్చిగా చట్టాన్ని దాటిన ఉదంతాలు ఉన్నాయి గాని, విచిత్రంగా అవి నాకు అంత ఆసక్తి కలిగించవు. రష్యాలో ప్రైవేటీకరణకు సలహాలివ్వడానికి అమెరికా ప్రభుత్వ నిధులతో హార్వర్డ్ నడిపిన ప్రాజెక్టులో, సలహాదారైన ఆండ్రీ ష్లైఫర్ తదితరులు అదే దేశంలో సొంత పెట్టుబడులు పెట్టారన్న ఆరోపణపై ప్రభుత్వం 2000లో దావా వేసింది. 2005లో హార్వర్డ్ 2.65 కోట్ల డాలర్లు, ష్లైఫర్ 20 లక్షల డాలర్లు చెల్లించేలా రాజీ కుదిరింది. అలాంటి వాటికి ఒప్పందాలున్నాయి, కోర్టులున్నాయి. ఏ కోర్టూ పట్టుకోలేని మెతకదనం గురించే నా బాధంతా.

ఆ మెతకదనంలో అబద్ధం ఉండనక్కరలేదు. యేల్ ప్రొఫెసర్ ఇర్వింగ్ ఫిషర్ 1929 అక్టోబరులో, షేర్ల ధరలు శాశ్వతమైన ఉన్నత పీఠభూమికి చేరినట్టున్నాయని ప్రకటించారు. ఆయన సొంత సంపద రెమింగ్టన్ రాండ్ షేర్లలో ఉంది. మార్కెట్ కూలాక ఆ సంపదంతా పోయింది. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది. ఆయన జనాన్ని మోసగించాలనుకుని ఉంటే ముందుగా తన షేర్లు అమ్ముకునేవారు. మనస్ఫూర్తిగా నమ్మారు కాబట్టే మునిగారు. స్వప్రయోజనం మనిషి చేత అబద్ధం చెప్పించే దానికంటే, తనకు అనుకూలమైన దాన్ని తేలిగ్గా నమ్మించడమే ఎక్కువగా చేస్తుంది. అందువల్ల 'నా అభిప్రాయాన్ని ఎవరూ కొనలేరు' అని ఒక పండితుడు నొచ్చుకుంటూ అన్నప్పుడు, ఆ మాట నిజమే అయినా అది జవాబు కాదు. ఎవరూ కొననక్కరలేదు. ఏటా మర్యాదగా పిలిచి, శ్రద్ధగా విని, మంచి ఫీజు ఇచ్చి పంపే వారి వ్యాపారం గురించి కటువైన వాక్యం రాసేటప్పుడు కలిగే మొహమాటం చాలు.

ఈ కారణంగానే కోర్టుల్లో ఆర్థికవేత్తలు తీసుకునే భారీ ఫీజుల విషయంలో నాకు పెద్ద అభ్యంతరం లేదంటే కొందరు మిత్రులు ఆశ్చర్యపోతారు. ఏటీ అండ్ టీ, టైమ్ వార్నర్ విలీనాన్ని ఆపాలని అమెరికా న్యాయశాఖ వేసిన దావా 2018లో విచారణకు వచ్చినప్పుడు, ప్రభుత్వం తరఫున కార్ల్ షపీరో, కంపెనీ తరఫున డెనిస్ కార్ల్‌టన్ సాక్ష్యం చెప్పారు. ఇద్దరూ ఆ రంగంలో ఉద్దండులే, ఇద్దరి దగ్గరా ఉన్నవి ఒకే శాస్త్రపు పనిముట్లే. ధరలు పెరుగుతాయన్న షపీరో నమూనాను న్యాయమూర్తి రిచర్డ్ లియాన్ అంగీకరించలేదు. తీర్పు సరైనదా కాదా అన్నది వేరే సంగతి. అక్కడ ఎవరు ఎవరి పక్షమో హాల్లో కూర్చున్న ప్రతి ఒక్కరికీ తెలుసు, ప్రతి అంకెనూ అడ్డప్రశ్నలతో చీల్చడానికి ఎదుటి పక్షం సిద్ధంగా ఉంది. ఎదుటి పక్షమే లేని చోట, అంటే పత్రిక వ్యాసంలోనో చట్టసభ కమిటీ ముందో, ఒక నిపుణుడు ఒంటరిగా మాట్లాడినప్పుడే ప్రమాదం. 2008 చివరి నుంచి 2010 మొదలు వరకు అమెరికా కాంగ్రెస్ ఆర్థిక కమిటీల ముందు ఆచార్యులు ఇచ్చిన వాంగ్మూలాలను రాయిటర్స్ పరిశీలించినప్పుడు, సుమారు మూడో వంతు మంది తమకు ఆర్థిక సంస్థలతో ఉన్న సంబంధాలను చెప్పలేదని తేలింది. అక్కడ అడ్డప్రశ్న వేయడానికి ఎవరికీ ఆధారం లేదు.

మరి అన్నీ వెల్లడిస్తే సరిపోతుందా అంటే, ఒక ప్రయోగం కాదంటుంది. డేలియన్ కెయిన్, జార్జ్ లోవెన్‌స్టైన్, డాన్ మూర్ 2005లో ప్రచురించిన అధ్యయనంలో నాణేలు నింపిన ఒక గాజు జాడీ ఉంది. అందులో ఎంత డబ్బుందో అంచనా వేయాల్సినవారు దాన్ని దూరం నుంచి కొద్ది సెకన్లే చూస్తారు. సలహాదారులు దగ్గరగా, తీరిగ్గా చూసి వారికి ఒక అంకె సూచిస్తారు. కొందరు సలహాదారులకు ఎదుటివారి అంచనా సరిగ్గా ఉంటే డబ్బు, మరికొందరికి ఆ అంచనా ఎంత ఎక్కువగా ఉంటే అంత డబ్బు. ఈ రెండో రకంలో సగం మంది విషయంలో, సలహాదారుకు లాభం ఎందులో ఉందో అవతలివారికి ముందే చెప్పేశారు. చెప్పని చోట కంటే చెప్పిన చోట సలహాదారులు అంకెను ఇంకా పెంచారు. ముందే హెచ్చరించాం కదా, ఇక జాగ్రత్తపడటం వారి పని అన్న ధోరణి వచ్చేస్తుంది, పైగా అవతలివాడు తగ్గించుకుంటాడు కాబట్టి కాస్త ఎక్కువ చెప్పాలన్న లెక్క కూడా ఉంటుంది. అవతలివారు తగ్గించుకున్నారు గాని, చాలినంత తగ్గించుకోలేకపోయారు. చివరకు వెల్లడి వల్ల బాగుపడింది సలహాదారులే. పాదసూచికలో ఫీజు వివరం రాసేసి నిశ్చింతగా ఉండే వారిని చూసినప్పుడల్లా నాకు ఈ ప్రయోగం గుర్తొస్తుంది.

పైగా అన్ని ప్రయోజనాలూ డాలర్లలో ఉండవు. బ్రియాన్ ఫాబో, మార్టినా యాంచోకోవా, ఎలిజబెత్ కెంఫ్, లుబోష్ పాస్టర్ 2021లో, కేంద్ర బ్యాంకులు భారీగా బాండ్లు కొనడం వల్ల ఆర్థిక వ్యవస్థకు ఎంత మేలు జరిగిందో కొలిచిన 54 అధ్యయనాలను పోల్చి చూశారు. కేంద్ర బ్యాంకుల సొంత పరిశోధకులు రాసినవి, బయటి ఆచార్యులు రాసిన వాటికంటే ఎక్కువ మేలు జరిగినట్టు చూపాయి. ఎక్కువ మేలు చూపిన కేంద్ర బ్యాంకు పరిశోధకులకు తర్వాత ఉద్యోగంలో ఎదుగుదల కూడా మెరుగ్గా ఉంది. బ్యాంకు పరిశోధకులకు లోపలి సంగతులు ఎక్కువ తెలిసి ఉండవచ్చన్న వాదనను నేను కొట్టిపారేయను. కానీ ఏ వెల్లడి నియమం ప్రకారం చూసినా వీరు దాచిందేమీ లేదు. జీతం ఎవరిస్తారో పత్రం మొదటి వరుసలోనే ఉంది. ఏ దేశంలో వ్యాపారం చేయడం ఎంత సులభమో చెప్పే ప్రపంచ బ్యాంకు 'డూయింగ్ బిజినెస్' ర్యాంకుల వ్యవహారం దీనికి ఇంకొంచెం వికృతమైన రూపం. దేశాలకు ర్యాంకులిచ్చే సంస్థే, సంస్కరణలు ఎలా చేయాలో ఫీజు తీసుకుని ఆ దేశాలకు సలహా చెప్పే సేవనూ నడిపింది. డేటాలో అవకతవకలు జరిగాయని, 2018 నివేదికలో 85వ స్థానానికి జారాల్సిన చైనాను 78 దగ్గర నిలిపారని ఒక న్యాయ సంస్థ విచారణలో తేలాక, 2021 సెప్టెంబరులో బ్యాంకు ఆ నివేదికనే రద్దు చేసింది.

ఇక డేటా. ఇప్పటి పరిశోధనలో ఫీజు కంటే పెద్ద తాయిలం అదేనని నా అభిప్రాయం. ఊబర్ డ్రైవర్ల సంపాదన గురించి ఆ కంపెనీ ఉద్యోగి జొనాథన్ హాల్‌తో కలిసి ప్రిన్స్‌టన్ ఆర్థికవేత్త అలెన్ క్రూగర్ 2015లో ఒక పత్రం వెలువరించారు. తొలి ప్రతి రాసినప్పుడు తాను ఊబర్‌కు కన్సల్టెంట్‌నని, నివేదికలో ఏం రాయాలన్న దానిపై పూర్తి స్వేచ్ఛ తనకే ఉండేలా ఒప్పందం చేసుకున్నానని క్రూగర్ పాదసూచికలో చెప్పారు. నేను చూసిన వాటిలో మెచ్చుకోదగ్గ వెల్లడి ఇది, ఎందుకంటే ఆపే హక్కు ఎవరికి ఉందన్న ప్రశ్నకు సూటిగా జవాబు ఇచ్చింది. అయినా సమస్య తీరలేదు. డ్రైవర్ల గంట సంపాదనను ఇంధనం, కారు అరుగుదల వంటి ఖర్చులు తీయకుండా లెక్కించి టాక్సీ డ్రైవర్ల వేతనంతో పోల్చారన్నది ఆ పత్రం మీద వచ్చిన విమర్శల్లో ఒకటి. కంపెనీ రికార్డులు బయటివారికి అందుబాటులో లేనప్పుడు ఇలాంటి విమర్శ చేసేవారు సైతం అదే లెక్కను తిరిగి కట్టి చూపలేరు. కంపెనీ తనకు నచ్చిన పరిశోధకుడికి తలుపు తీసి, ఇంకొకరికి తీయకపోతే, లోపలికి వెళ్లినవాడు ఎంత స్వేచ్ఛగా రాసినా ఎంపిక మాత్రం గడప దగ్గరే జరిగిపోయింది.

అందుకే వెల్లడి నియమాలకు ఇంకో రెండు వాక్యాలు చేర్చాలని నేను కోరతాను. కంపెనీ నుంచో, కేంద్ర బ్యాంకు నుంచో ప్రత్యేకంగా డేటా తెచ్చుకున్న ప్రతి రచయితా, అదే డేటా అడిగిన మరో పరిశోధకుడికి అది దొరుకుతుందో లేదో, దొరికితే ఏ షరతులతో దొరుకుతుందో రాయాలి. డబ్బు తీసుకుని చేసిన అధ్యయనమైతే, ఫలితం ఏదైనా ప్రచురించే హక్కు తనకు ఉందా, లేక ప్రతికూలంగా వస్తే పెట్టెలో పెట్టేసే హక్కు డబ్బిచ్చినవారి చేతిలో ఉందా అన్నది ఒప్పందంలోని మాటల్లోనే ఉటంకించాలి. పరిశోధన పత్రికల సంపాదకులు వీటిని వ్యాసం పంపేటప్పుడు నింపే ఫారంలోనే అడగవచ్చు, జవాబు లేని వ్యాసాన్ని సమీక్షకులకు పంపకుండా ఆపవచ్చు. ఇందుకు కొత్త కమిటీ ఏదీ అవసరం లేదు.